నీళ్లు లేని బోండాలు

దెయ్యాలంటే నాకు భయం కన్నా విసుగే ఎక్కువ. వీధిలో ఎవరికైనా పూనకం వచ్చిందంటే ముందు తలుపేసుకునేది నేనే. ఇది కూడా దెయ్యం కథ కాదు. మరి ఏం కథో నాకే తెలియదు.

డెబ్బైల చివర్లో భిలాయిలో ఉండేవాళ్లం. మావారు ఉక్కు ఫ్యాక్టరీలో, బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పనిచేసేవారు. ఒక ఎండాకాలం విరేచనాలు పట్టుకుంటే, నీరసంతోనే డ్యూటీకి వెళ్లి పడిపోయారు. ఆసుపత్రిలో చేర్చాక మూత్రం ఆగిపోయింది. రెండు కిడ్నీలూ పనిచేయడం లేదన్నారు. పెళ్లయి రెండేళ్లు కూడా కాలేదు. నా ప్రాణం పోయినంత పనైంది.

అక్కడి డాక్టరుగారి గురించి ఎంత చెప్పినా తక్కువే. డయాలిసిస్ మిషన్ మా దరిదాపుల్లో లేదు. పొట్టకు సన్నటి గొట్టం వేసి, సీసాల్లోని మందునీళ్లు లోపలికి పంపి, మలినాలతో సహా బయటికి తీసేవారు. అదీ ఒకరకం డయాలిసిసేనట. ఆ సీసాలను బకెట్లో పెట్టి గోరువెచ్చగా చేయడం కూడా ఆయనే చూసుకునేవారు. "కిడ్నీ రూఠ్ గయీ హై, మరీ నహీ," అనేవారు. అలిగిందే తప్ప చచ్చిపోలేదట, బుజ్జగిద్దామట. ఆ మాటతోనే నేను అన్నం తిన్నాను.

తాగే నీళ్లు మాత్రం చిన్న గ్లాసుతో కొలిచి ఇమ్మన్నారు. సరేనన్నాం. కానీ కొబ్బరినీళ్లు కూడా ఇవ్వకూడదని మాకు తట్టలేదు. ఓవెన్స్ వేడికి మూత్రం మండితే మా ఆంధ్రా ఇళ్లలో మొదటి మందు అదే కదా!

టెలిగ్రాం అందగానే నాన్న మా పెరటి చెట్టు బోండాలు గోనెసంచి నిండా దింపించుకుని శ్రీకాకుళం నుంచి వచ్చారు. రిక్షాలోంచి ఆ సంచి దించడానికి నేనూ పక్క క్వార్టర్ దీదీ చెరో వైపు పట్టాం. "హే రామ్, పత్థర్ లాయే హో కా!" అంది దీదీ, రాళ్లు మోసుకొచ్చారా అని. అదే గెలలోది ఒకటి రైల్లో తాగాననీ, తియ్యగా ఉందనీ నాన్న చెప్పారు.

మరచెంబు కడిగి పెరట్లో కూర్చున్నాను. నాన్న మొదటి బోండాం కొట్టారు. చుక్క నీరు లేదు. రెండోదీ అంతే. పగులు లేదు, పురుగు లేదు, లోపల లేత కొబ్బరి మీగడలా ఉంది. సంచి ఖాళీ అయ్యేదాకా కొట్టారు.

"ఏటమ్మా ఇది? చెట్టుకేటైంది?" అన్నారు. నాకు ఏడుపొచ్చింది.

నాన్నతో ఆసుపత్రికి వెళ్లి, బోండాలు ఇక్కడ ఎక్కడ దొరుకుతాయని డాక్టరుగారినే అడిగాను. ఆయన మొహం పాలిపోయింది. "పిలాయా క్యా?" అంటూ వెళ్లి మావారి నాడి పట్టుకున్నారు. తాగించలేదని, జరిగిందంతా చెప్పాను. కిడ్నీలు పనిచేయనప్పుడు కొబ్బరినీళ్లలోని పొటాషియం బయటికి పోదట. రక్తంలో పేరుకుని గుండెను ఆపేస్తుందట. మరచెంబుడు చాలట.

నేను తెలుగులో చెప్పగానే నాన్న వరండాలో కూలబడ్డారు. "నా చేత్తో నేనే మోసుకొచ్చీసేను, తల్లీ," అని తల పట్టుకున్నారు. డాక్టరుగారు వచ్చి ఆయన పక్కనే నేలమీద కూర్చున్నారు. ముందే చెప్పకపోవడం తన తప్పేనన్నారు. అంత పెద్దమనిషిని నేను మళ్లీ చూడలేదు.

మెల్లగా మావారికి మూత్రం రావడం మొదలైంది. ఇంటికి పంపే రోజు నాన్న, "ఆ నీళ్లేటైపోయినట్టో అడగమ్మా," అన్నారు. అడిగాను. ప్రతిదానికీ ఓపిగ్గా కారణం చెప్పే ఆయన ఈసారి నాన్న చేయి పట్టుకున్నారు.

"బాబూజీ, డయాలిసిస్ మైనే కియా. వో మైనే నహీ కియా," అన్నారు. డయాలిసిస్ చేసింది తనేనట, అది మాత్రం తను చేయలేదట.

మావారిని బతికించింది ఆ డాక్టరుగారే. కానీ ఆ ఒక్క పూట కాపాడింది ఆయన కాదు, నేను కాదు, నాన్న కాదు. ఇంకెవరో ఈనాటికీ నాకు తెలియదు.