ఎడమవైపు తలుపు

పొద్దున్నే స్నానం చేసి వచ్చి ఆయన బీరువా తెరుస్తాడు. లోపల ఏడు చొక్కాలు. ఏడూ తెల్లవే. పైనున్నది తీసి, కాలరు అంచును బొటనవేలితో తడిమి, ఎక్కడైనా అరిగిందేమో చూసుకుని తొడుక్కుంటాడు. గుండీలు కిందినుంచి పైకి పెట్టుకుంటాడు. అద్దం వైపు తిరగడు.

కార్లకు రంగులేసేవాడు రోజూ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో పనికి రావడం షెడ్డులో అందరికీ వింతే. గేటు దాటగానే దాన్ని విప్పి మేకుకు తగిలించి, మరకల కోటు వేసుకుంటాడు. సాయంత్రం మళ్ళీ తెల్లగానే ఇంటికి బయల్దేరతాడు. "పెళ్ళికొడుకు దిగాడు" అని వెల్డింగు చేసేవాడు రోజూ అంటాడు. ఆయన రోజూ నవ్వుతాడు. ఆయన్ని వెనకాల అందరూ తెల్లచొక్కా అనే పిలుస్తారు. ఎందుకు తెల్లచొక్కా అని మాత్రం ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

సంగతేమిటంటే, ఆయనకు రంగులు సరిగా తెలియవు. పుట్టుకతో వచ్చిన లోపం. ఆకుపచ్చా, ఎరుపు కలిసిన గోధుమరంగూ ఆయన కంటికి ఒక్కటే. టమాటా పండిందో పచ్చిదో నొక్కి చూస్తే తప్ప చెప్పలేడు. అలాంటి మనిషి నలభై ఏళ్ళు పెయింటరుగా నెగ్గుకొచ్చాడంటే అందుకు కారణాలు రెండు. ఒకటి ఆయన చెయ్యి. రెండోది ఆయన భార్య.

చెయ్యి సంగతి అందరికీ తెలిసిందే. పుట్టీ పెట్టి, నీళ్ళు పోస్తూ గరుకు కాగితంతో రుద్దిన రేకు మీద, కళ్ళు మూసుకుని అరచెయ్యి జరిపితే చాలు, వెంట్రుకంత మిట్ట ఎక్కడుందో చెప్పేవాడు. భార్య సంగతే ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని ఆమె షెడ్డుకు వచ్చేది. అన్నం వడ్డించాక వెళ్ళిపోకుండా రంగుడబ్బాల దగ్గర ముక్కాలి పీట వేసుకుని కూర్చునేది. చిన్న అట్టముక్కకు రంగు పూసి, ఎండలోకి తీసుకుపోయి, కారు పక్కన పెట్టి చూసేది. "ఇంకో రెండు చుక్కలు పసుపు పొయ్యండి" అనేది. ఆయన పోసేవాడు.

"ఆవిడ రానిదే ఈయన డబ్బా మూత తియ్యడు. ఇదెక్కడి కాపురంరా బాబూ" అని జనం నవ్వుకునేవారు. ఆ నవ్వు వాళ్ళిద్దరికీ మంచి చాటుగా ఉండేది.

"చెయ్యి మీది, చూపు నాది. మూడో మనిషితో మనకేం పని?" అనేదామె.

ఆరేళ్ళ కిందట ఆమె పోయింది. అప్పటికే షెడ్డులో రంగు చదివే యంత్రం వచ్చింది. అరచేతిలో పట్టేంత డబ్బీ. రేకు మీద ఆనిస్తే ఒక నంబరు చూపిస్తుంది, ఆ నంబరుకు కంపెనీవాళ్ళు రంగు కలిపి పంపుతారు. పని ఆగలేదు. ఇబ్బంది వచ్చింది ఇంట్లోనే. ఏ చొక్కా మీదికి ఏ ప్యాంటో చెప్పే మనిషి లేదు. ఒకరోజు బస్సులో ఇద్దరమ్మాయిలు ఆయన బట్టల వైపు చూసి నోటికి చెయ్యడ్డం పెట్టుకున్నారు. మర్నాడే రంగు చొక్కాలన్నీ మూటగట్టి ఎవరికో ఇచ్చేశాడు.

కిందటేడు ఆ కారు వచ్చింది.

గుండ్రటి లైట్లు, బొద్దు ముక్కు, వెనకవైపు బాతులా కాస్త కిందికి వాలిన పాతకాలం కారు. ఒక డాక్టరమ్మ తీసుకొచ్చింది. వాళ్ళ నాన్న నడిపిన కారట. ఆయన పోయాక పదకొండేళ్ళు ఇంటి గోడ పక్కన ఆరుబయట పడి ఉందట. తెల్లచొక్కా కారు చుట్టూ తిరుగుతూ ముందు బంపరు పైన రేకు మీద చెయ్యి వేశాడు. అక్కడ వేలెడంత పొడవున ఒక మెత్తని పల్లం. తనే ముప్పై నాలుగేళ్ళ కిందట సుత్తితో సాపు చేసి, ఇక చాల్లెమ్మని వదిలేసిన పల్లం. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నాన్న కారు అద్దంలా ఉండేది కాదు, మేస్త్రీగారూ. దాన్ని కొత్త బొమ్మలా చెయ్యకండి" అంటోంది డాక్టరమ్మ.

"ఇంతా చేసి మెరవకపోతే ఎలాగండీ? పైన లక్కపూత వేస్తే ముఖం చూసుకోవచ్చు. రేపెవరైనా చూస్తే నా షెడ్డు గురించి ఏమనుకుంటారు?" అన్నాడు మేస్త్రీ. షెడ్డు అతనిదే. వయసులో చిన్నవాడు, తెల్లచొక్కాను బాబాయ్ అంటాడు. "నువ్వు చెప్పు బాబాయ్."

"అప్పట్లో ఈ రంగుకు నారింజతొక్కలా సన్నటి గుంటల చర్మం ఉండేది. అది చెరపకుండా వేస్తాను. లక్కపూత వద్దు. చేత్తో రుద్దితే వచ్చే మెరుపు చాలు" అన్నాడాయన.

డాక్టరమ్మ ముఖం విప్పారింది. మేస్త్రీ నిట్టూర్చి యంత్రం తీసుకొచ్చాడు. కారంతా ఎండకు వెలిసిపోయింది. గోడ నీడ పడటంతో ఎడమవైపు తలుపొక్కటే రంగు నిలుపుకుంది. "ఇదిగో, అసలు సరుకు ఇక్కడుంది" అంటూ మేస్త్రీ యంత్రాన్ని ఆ తలుపుకు ఆనించాడు. నంబరు వచ్చింది.

తెల్లచొక్కా కారు మీంచి చెయ్యి తీసేశాడు.

ఆ తలుపు కథ ఆయనకొక్కడికే తెలుసు. కారంతా భార్య చూపుతోనే రంగు వేశాడు, బూడిద కలిసిన ఆకుపచ్చ. రేపు కారు ఇవ్వాలనగా తలుపు మీద నిచ్చెన పడి గీరుకుంది. మిగిలిన రంగు లేదు. ఆమె పుట్టింట్లో ఉంది. కొలతల కాగితం ఉంది కదా అని తనే కలిపాడు. వానకు తడిసి డబ్బాల మీది చీటీలు ఊడిపోయాయి. పచ్చ అనుకుని చుక్కలు పోసింది గోధుమరంగు డబ్బాలోంచి. నాలుగు రోజుల తర్వాత ఆమె వచ్చి, బజారులో వెళ్తున్న ఆ కారును చూసి టక్కున ఆగింది.

"ఏవండీ, ఆ తలుపు ఏ కారుదండీ?"

"అదేంటి, ఆ కారుదే."

"అది పచ్చ కాదు. ఎండుటాకు."

ఆ సాయంత్రమే ప్రతి డబ్బాకూ దారం కట్టింది. పచ్చకు ఒక ముడి, గోధుమకు రెండు. ఆ తర్వాత కారు ఎప్పుడు ఎదురుపడినా మోచేత్తో పొడిచి, "మీ తలుపు వెళ్తోంది" అనేది. ఆమె చూపించే తేడా ఆయనకు ఏనాడూ కనబడలేదు. అయినా నవ్వేవాడు.

యంత్రం నంబరు చూపిన మర్నాడు పదకొండింటికి కంపెనీకి రంగు పురమాయించాలి. ఆ నంబరే పురమాయిస్తే కారంతా తన తప్పురంగులో తిరుగుతుంది. ఆమె చూసి కలిపిన రంగు ఎక్కడా మిగలదు. వద్దంటే ఎందుకో చెప్పాలి. చెబితే నలభై ఏళ్ళ పేరు ఏమవుతుందో ఆయనకు తెలుసు. పొద్దున్న బీరువా ముందు చాలాసేపు నిలబడ్డాడు. పదిన్నరకు మేస్త్రీ దగ్గరికి వెళ్ళాడు.

"ఆ నంబరు తీసెయ్యి. అది కారు రంగు కాదు."

"అదేంటి బాబాయ్? తలుపు కారుది కాక పక్కింటివాళ్ళదా?"

"తలుపు కారుదే. రంగు తప్పు. నేనే కలిపాను, ముప్పై నాలుగేళ్ళ కిందట."

"అది తప్పని ఇవాళ తెలిసిందా?"

"అప్పుడే తెలుసు. మీ పిన్ని చెప్పింది."

"నీకు కనబడలేదా?"

"లేదు. ఇప్పుడూ కనబడటం లేదు."

వెల్డింగు చేసేవాడు ముఖం మీది తొడుగు పైకెత్తాడు. "మరి ఇన్నాళ్ళూ?"

"ఆమె చూసేది."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటేనే బాగుండుననిపించింది ఆయనకు. కారు లోపల ముందున్న సామాన్ల అర మూతకు, ఎండ తగలని చోట, కంపెనీ రంగు అలాగే ఉంటుందని, ఆమె దాన్ని చూసే రంగు కలిపిందని చెప్పాడు. మేస్త్రీ అర మూత ఊడదీసి, ట్యూబులైటు కింద తలుపు పక్కన పెట్టాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.

"రెండూ ఒకటేగా బాబాయ్?"

 తన దగ్గరున్నది ఆమె మాటొక్కటే. ఒకవేళ ఆమె ఉడికించడానికే అలా అనేదా? ఇన్నేళ్ళూ లేని తప్పును తన నెత్తిన పెట్టుకుని నవ్వాడా?

"ఎండలోకి తొయ్యండి" అన్నాడు. "ఆమె ఎండలోనే చూసేది."

నలుగురూ కలిసి కారును వాకిట్లోకి తోశారు. అప్పుడే డాక్టరమ్మ వచ్చింది. మేస్త్రీ సంగతి చెప్పి మూత ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని తలుపుకు ఆనించి, ఒక అడుగు వెనక్కి వేసింది.

"వేరే" అంది. "ఇది పచ్చ. తలుపేమో... ఎండుటాకులా ఉంది."

ఆ మాట ఆయన అక్కడెవరికీ చెప్పలేదు. తల దించుకుని తలుపు మీద చెయ్యి వేశాడు. ఎండకు రేకు వెచ్చగా ఉంది.

"నాన్న అనేవారు, ఈ తలుపు మీద ఎండ ఎందుకో సరిగ్గా పడదని" అంది డాక్టరమ్మ.

"ఎండ తప్పు లేదమ్మా" అన్నాడాయన.

మూతకు యంత్రం ఆనించి తీసిన కొత్త నంబరు ప్రకారం రంగు వచ్చింది. మిగతా రేకులు రుద్దడానికి మనుషుల్ని పెట్టారు గానీ, ఎడమ తలుపు మాత్రం ఆయనే రుద్దాడు. నీళ్ళలో కలిసి కారిపోయే రంగును చూస్తూ రెండు రోజులు రుద్దాడు. పచ్చో గోధుమో ఆయనకేం తెలుస్తుంది, కారిపోవడం తెలుస్తుంది. తర్వాత పలచగా మూడు పూతలు వేసి, నారింజతొక్క చర్మం చెదరకుండా చేత్తో మెరుగు పెట్టాడు. కారు వెళ్ళేటప్పుడు గేటు దగ్గర నిలబడ్డాడు. ఎడమ తలుపు ఇటువైపే ఉంది. మోచెయ్యి దగ్గర ఖాళీగా అనిపించి, ఆ చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు.

ఆయనకిప్పుడు అరవై ఎనిమిదేళ్ళు. షెడ్డులో వారానికి నాలుగు రోజులు పని. పూత ఆయన వేస్తాడు, రంగును మేస్త్రీ ఎండలోకి తీసుకెళ్ళి చూస్తాడు. ఇంట్లో బీరువాలో ఏడు చొక్కాలు ఉన్నాయి. ఏడూ తెల్లవే.