కొత్త బియ్యం ఎవరివి?

కొండల్లో లేచిన పితూరీ చల్లారి, నర్సీపట్నంలో పోలీసులు పల్చబడిన రోజులవి. వాళ్లు తగ్గారో లేదో వోట్లవాళ్లు దిగారు. మద్రాసు కౌన్సిల్‌కి ఎన్నికలు. గుళ్లన్నిటినీ సర్కారు బోర్డు కిందికి తెచ్చే చట్టం అక్కడ మళ్లీ చర్చకు రాబోతోందని ఊరంతా ఒకటే గోల. మావారు గుడి అర్చకులు. దేవుడి దగ్గర సర్కారుకేం పనని అన్నం ముందు కూర్చుని కూడా గొణిగేవారు. నాకూ అదే మంట.

అలాంటప్పుడు ఒక సాయంత్రం గుడి ధర్మకర్త వచ్చి మా వీధరుగు మీద కూర్చున్నాడు. విశాఖపట్నం వకీలు ఒకాయన పోటీ చేస్తున్నాడట, ఆ చట్టాన్ని అడ్డుకుంటానని మాటిచ్చాడట.

“ఎల్లుండి కొత్తబియ్యం ఉత్సవంలో పరివట్టం ఆయనకే కట్టాల, అయ్యవారూ. ఈయనకి వోటెయ్యడం స్వామి ఆజ్ఞ అని ఒక్క ముక్క సెప్పండి, సాలు.”

పరివట్టమంటే స్వామికి కట్టిన వస్త్రాన్ని తలకు చుట్టే మర్యాద. మా గుళ్లో అది డబ్బున్నవాడిది కాదు. ఆ ఏడు ఎవరి తొలిపంట బియ్యంతో స్వామికి పొంగలి వండుతామో ఆ రైతుది. కట్టేముందు అర్చకులు “కొత్త బియ్యం ఎవరివి?” అని అందరిలో అడగాలి. “మావే స్వామీ” అంటూ రైతు ముందుకు రావాలి. ఆ ఏడు బియ్యం కోటవురట్ల నుంచి ఒక ముసలి రైతు నెత్తిన పెట్టుకుని తెచ్చాడు.

“ఆ అడగడాలేవీ ఈపాలి వద్దు, బేగి కట్టెయ్యండి. కాదంటే వేరే అయ్యవారిని సూసుకుంటాం,” అంటూ ధర్మకర్త లేచాడు.

మావారి మొహం పాలిపోయింది. గుడి మాన్యమే మా తిండి. “మన పక్షం మనిషే కదే,” అన్నారు నెమ్మదిగా.

నాకు ఒళ్లు మండింది. “గుడి మీద సర్కారు చెయ్యి పడకూడదు గానీ వకీలు చెయ్యి పడొచ్చా? రేపు ఇంకొకాయన వస్తాడు. స్వామి ఎంతమందికి వోటెయ్యమని చెప్పాలి, మీ నోటితో?”

ఉత్సవం దాకా ఆయనతో మాట కలపలేదు. వడ్డించాను, అంతే.

ఉత్సవం నాడు వకీలు పట్టు కండువాతో అందరికంటే ముందు నిలబడ్డాడు. మావారు వస్త్రం పట్టుకుని బయటికొచ్చారు. నేను ఆడవాళ్ల మధ్య నుంచి మునివేళ్ల మీద లేచి చూశాను. ఆయన ధర్మకర్త వైపు చూడనే లేదు. గొంతెత్తి, “కొత్త బియ్యం ఎవరివి?” అని అడిగారు.

తనను పిలిచే పద్ధతి అదే అనుకున్నాడు కాబోలు, వకీలు చేతులు జోడించి, “నావే!” అన్నాడు.

గుడంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. “ఏ మడిలో కోసేరు బాబూ?” అన్నాడొకడు. “ఆ సేతులు సూడండ్రా, కొడవలి పట్టిన సేతులేనేటి?” అన్నాడింకొకడు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

ముసలి రైతు “మావే స్వామీ” అంటూ వచ్చి తల వంచాడు. మావారు పరివట్టం కట్టారు. వకీలు వైపు తిరిగి, “చట్టం సంగతి బజార్లో చెప్పండి, వచ్చి వింటాం. ఇక్కడ వద్దు,” అన్నారు.

“నాకూ వోటుంది బాబూ,” అన్నాడు రైతు. “బజార్లో అడిగుంటే మీకే ఏద్దునేమో. స్వామిని అడ్డెట్టుకుని అడిగేరు.”

జనం ధర్మకర్తకేసి చూస్తూ కదలకుండా నిలబడ్డారు. అంతమందికి సమాధానం చెప్పలేక, మమ్మల్ని తీసేసే మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. మావారిని చూసి నాకు గర్వంతో ఏడుపొచ్చింది. ఆ పూట ఆయన విస్తట్లో నెయ్యి ధారగా పోశాను.

చట్టం ఆగలేదు, వచ్చింది. తర్వాతి ఉత్సవానికి బోర్డు ఆఫీసరు ముందు వరసలో కుర్చీ వేయించుకున్నాడు. మావారు సరిగ్గా ఆయన ఎదురుగా నిలబడి, గుడి మోగేలా, “కొత్త బియ్యం ఎవరివి?” అని అడిగారు. ఆఫీసరు కుర్చీలోంచి లేచి, వెనకున్న రైతుకు దారిచ్చాడు.