పైపు కాదు, పాణమున్న గోడ

మోత్కూర్‌లో మా పక్కింటి సారు పోయారు. కబురు ముందుగా వచ్చింది మా ఆయన ఫోన్‌కే. సారు సొంత తమ్ముడికి కూడా ఆ తర్వాతే తెలిసిందట. చావు కబురులోనూ వరుసలు చూస్తున్నానని నవ్వుకుంటారేమో, నవ్వుకోండి. సారు ఉన్నన్నాళ్లూ నాకు ఆయనంటే అక్కసే. ఇప్పుడూ ఉంది.

సారు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. మా ఆయన పొలాల్లో డ్రిప్ పైపులు బిగిస్తాడు. మా నీళ్లలో ఉప్పు ఎక్కువ, పైపులు పూడుకుపోతుంటాయి. ఆసిడ్‌తో కడిగితే మళ్లీ పారతాయి. గుండెకు స్టెంటు వేయించుకొచ్చాక తన రక్తనాళమూ అంతే అనుకున్నాడు. "పైపు సాఫైంది. ఇగ గోలీలెందుకు?" అంటూ బీడీ ముట్టించాడు. ఏడ్చాను, తిట్టాను, అన్నం మానేశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

సారు మాత్రం మా అరుగు మీద చాయ్ తాగుతూ ఒక్క పూటలో దారికి తెచ్చారు.

"తమ్మీ, గది పైపు కాదు. పాణమున్న గోడ. గోడల కొవ్వు చేరితే తిని సాఫ్ చేద్దామని రక్తంల ఉన్న కాపలా కణాలొస్తయి. అరగనంత తిని, ఉబ్బి, ఆడనే సస్తయి. వాటికోసం ఇంకిన్నొస్తయి. వాపు పుడ్తది. ఊడ్వ వచ్చినోళ్లే కుప్పైతే ఎవలు ఊడ్వాలె? ఆ కుప్ప పగిలిన్నాడు రక్తం గడ్డకడ్తది."

"మరి స్టెంటు ఏసిన్రు గద సారూ?"

"అది ఒక్క జాగ తెరిచింది. తక్కిన గోడంత నీ పొగకు మండుతనే ఉన్నది."

మా ఆయన బీడీ అక్కడే నలిపేశాడు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా!

అప్పటినుంచి రోజూ పొద్దున ప్రహరీ అవతల నుంచి "గోలి ఏసుకున్నవా?" అని కేక. ఆ కేక వింటే గానీ మా ఆయన గొంతులోకి మందు దిగేది కాదు. నేను అదే మాట అడిగితే "సారు అడుగుతడు తియ్యి" అనేవాడు. ఇక సారు నాతో "చెల్లె, నీ అల్లం చాయ్ పాణం లేపుతది" అనేవారు. ముఖం ముడుచుకునే ఇంకో కప్పు పోసేదాన్ని. నా తాళి నిలిపిన మనిషని తెలుసు. తెలిసినా కుళ్లు పోతుందా?

సారు జ్వరంతో దవాఖానలో పడ్డాక మా ఆయన చొక్కా మళ్లీ బీడీ వాసన కొట్టింది. ఇక ఈయనకు చెప్పేవాళ్లెవరు?

సారు పోయిన మూడోనాడు, కాకి వచ్చి ముట్టాలని పిట్టకు పెట్టారు. విస్తరిలో సారుకు ఇష్టమైన తలకాయ కూర, సర్వపిండి. కాకి చెట్టు మీద కూర్చుంది గానీ కిందికి దిగలేదు. పోయినవాళ్ల మనసులో ఏదో కొరత ఉంటే అట్లాగే ముట్టదంటారు మా దగ్గర. "అమ్మను మంచిగ చూసుకుంట నాయినా" అని కొడుకు మొక్కాడు. దిగలేదు. అప్పుడు మా ఆయన ముందుకెళ్లి చేతులు జోడించాడు.

"సారూ, బీడీ మల్ల పట్టిన. మీకు ఎర్కైనట్టుంది. ఇగ ముట్ట. మీ మీదొట్టు."

జేబులోని బీడీ కట్ట తీసి తుంచి పారేశాడు. కాకి దిగింది.

అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఇన్నేళ్ల కాపురంలో నా మీద ఒక్క ఒట్టూ వేయని మనిషి, బూడిదైపోయిన ఆయన మీద వేశాడు. నాకు కడుపు మండిపోయింది. అయినా ఆ కాకిని ఎవరూ అదిలించకుండా చేతులు అడ్డంపెట్టి నేనే నిలబడ్డాను, విస్తరి ఖాళీ అయ్యేదాకా.