ఎర్ర గచ్చు మీద అలుకు

నాకు రంగుల పిచ్చి. ఇప్పుడు తగ్గింది గానీ కాపురానికి వచ్చిన కొత్తలో మరీ ఘోరంగా ఉండేది. చీర అంచుకూ రవికకూ కుదరకపోతే ఆ పూట అన్నం సయించేది కాదు. అలాంటిదాన్ని పట్టుకుని మా ఆయన, "మోటారు కొట్టానికి నేల ఏం రంగు పెట్టిద్దాం?" అని అడిగాడు. అడిగినందుకు ఆయననూ అనాలి, ఎగిరి గంతేసినందుకు నన్నూ అనాలి.

అప్పట్లో మాది కర్నూలు జిల్లా. మద్రాసు నుంచి తెల్లవాళ్ళ పాలన. మా ఆయన మా ఊరు మార్కాపురం నుంచి గిద్దలూరుకు ఒక మోటారు బస్సు తిప్పేవాడు. వారానికి రెండుసార్లు అది నల్లమల కనుమ దాటి నంద్యాల దాకా పోయేది. ఆయన కనుమ ఎక్కిన రోజు, మలుపుల్లో ఏమవుతుందో, బ్రేకు పడుతుందో లేదో అని సాయంత్రం హారను వినపడేదాకా గడపలోనే ఉండేదాన్ని.

ఆ బస్సు నిలిపేందుకు ఇంటి పక్కన రేకుల కొట్టం కట్టించాడు. చుట్టుపక్కల మోటార్లున్న వాళ్ళందరివీ మట్టి నేలలే. మాది మాత్రం సిమెంటు గచ్చు కావాలని ఆయన పట్టు. రంగు గచ్చు కావాలని నా పట్టు.

పనికి వచ్చిన మేస్త్రి సాయిబుల వీధిలో ఉండేవాడు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. నలభై ఏళ్ళుంటాయేమో. మా ఊరి పక్కన బడిపిల్లల పలకలు తీసే గనులున్నాయి. చిన్నప్పటి నుంచి ఆ గనిలో రాయి చీల్చినవాడు. దుమ్ముకు దగ్గు పట్టుకుంటే నంద్యాల పోయి రెండేళ్ళు సిమెంటు పని నేర్చుకుని వచ్చాడు. సొంతంగా ఒప్పుకున్న మొదటి పని మాదే. నన్ను చెల్లెమ్మా అనేవాడు, నేను అన్నా అనేదాన్ని.

"గిద్దలూరు సత్రంలో వసారా అంతా ఎర్ర గచ్చు ఏపిస్తారంట చెల్లెమ్మా. సత్రం పెద్దాయన వచ్చి ఈ నేల జూసి చెప్తానన్యాడు. అది దొరికిందంటే మళ్ళీ గని మొగం జూసే పన్లేదు," అని మొదటి రోజే చెప్పాడు. చెప్పి దగ్గాడు. అంత పొడుగు మనిషి దగ్గు వస్తే నడుం దగ్గర సగానికి వంగిపోయేవాడు.

రంగులు ఎంచుకోవడానికి అతను చేసిన పని నాకు భలే నచ్చింది. విరిగిన పలక ముక్కలు ఆరు తెచ్చి, ఒక్కోదాని మీద ఒక్కో రంగు పొడి కలిపిన సిమెంటు పూసి ఎండలో పెట్టాడు. ఎరుపు, పసుపు, పచ్చ, నలుపు, ఎరుపులో నలుపు కలిపింది ఒకటి, పసుపులో ఎరుపు కలిపింది ఒకటి. తడి మీద పసుపు ధగధగలాడుతుంటే నేను వెంటనే అదే అన్నాను.

"తడి మీద అన్నీ బాగనే ఉంటాయి. ఆరినాక జూడు," అన్నాడు.

ఆరాక పసుపు పాలిపోయి రోగిష్టి ముఖంలా అయింది. అప్పుడు మా ఆయన దగ్గర మోటారు నూనె అడిగి తెచ్చి ప్రతి ముక్క మీదా ఒక్కో చుక్క వేసి, మర్నాడు తుడిచి చూపించాడు. పసుపు మీద, పచ్చ మీద మచ్చ ఉండిపోయింది. ఎరుపు మీద కొద్దిగా ఉంది. నలుపు మీద కనపడలేదు.

"మోటారు ఎనుము గొడ్డు మాదిరి చెల్లెమ్మా, నిలబడిన కాడే కార్చుకుంటాది. నడుమ నలుపు పెడదాం, అటూ ఇటూ ఎరుపు. చక్రాలు ఎర్రదాని మీద, నూనె నల్లదాని మీద."

నాకు మనసులో ఇంకా పసుపే ఉంది. అలిగాను కూడా. చివరికి గోడల వెంట బెత్తెడు పసుపు గీత ఒకటి వేస్తానని ఒప్పుకున్నాడు. "అక్కడికి నూనె రాదులే," అని నవ్వాడు.

అడుగున రాళ్ళు దిమ్మిస కొట్టి, సున్నపు కంకర పోసి, దాని మీద సిమెంటు, పైన రంగు పూత. ఆ పూతను తాపీతో నొక్కి, నున్నటి గుండ్రాయితో గంటల తరబడి రుద్దాడు. బోర్లా పడుకున్నట్టు వంగి, దగ్గు వస్తే పక్కకు తిరిగి, నేల మీద తుంపర పడకుండా. పని అయ్యాక నేలంతా తడి గోనెపట్టాలు కప్పాడు. సత్రం పెద్దాయనను వెంటబెట్టుకు రావడానికి గిద్దలూరు పోతూ నన్ను పిలిచాడు.

"నాలుగు దినాలు నీ చేతుల్లో పెట్టి పోతుండా చెల్లెమ్మా. పట్టాలు ఎత్తగూడదు. పైన నీళ్ళు జల్లుతా ఉండు. నీళ్ళు తప్ప ఇంగేదీ పడగూడదు. పచ్చి నేల, ఏది పడితే అది తాగుతాది."

"నాకు చెప్పాల్నా అన్నా," అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రెండు రోజులు బుద్ధిగానే నీళ్ళు చల్లాను. మూడో రోజు శుక్రవారం. మా ఇళ్ళల్లో శుక్రవారం నేల అలికి ముగ్గు పెట్టకుండా ఏ పనీ మొదలవ్వదు. పేడ అలుకు పడని నేలంటే అది మైల నేలే. ఇల్లంతా అలికాను. కొట్టం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగలేదు. సోమవారం ఆ నేల మీదికి బస్సు వస్తుంది. మంగళవారం అక్కడి నుంచే కనుమకు పోతుంది. అలుకూ ముగ్గూ లేని నేల మీద నుంచి ఆయన బండి కదిలితే ఏమవుతుందోనని భయం. ఉన్నమాట చెప్పాలంటే అదొక్కటే కాదు. మా వీధిలో నా అలుకుకు పేరుంది. అంత పెద్ద నున్నటి నేల కనపడితే నా చేతికి దురద.

పట్టాలు తీసేశాను. పేడలో నీళ్ళు కలిపి, ఆ చివర నుంచి ఈ చివర దాకా అరచెయ్యి తిప్పుతూ చక్కగా అర్ధచందమామల వరసలతో అలికాను. నాలుగు మూలలా సున్నంతో ముగ్గులు పెట్టాను. చూసుకుని మురిసిపోయాను కూడా. సిగ్గులేని జన్మ.

కొంచెం ఆరాక, మేస్త్రి చూడకముందే కడిగేద్దామని నీళ్ళు పోశాను. పేడ పోయింది గానీ దాని రంగు పోలేదు. ఎరుపు మీద పాచిపట్టినట్టు ఆకుపచ్చ గీతలు. ముగ్గు ఉన్నచోట తెల్లగా. కొబ్బరి పీచూ బూడిదా తెచ్చి, చెయ్యి తిరిగిన దారినే తోమాను. పైపూత లేచి వచ్చి గీతలు ఇంకా లోతుగా దిగాయి. పట్టాలు మళ్ళీ కప్పేసి, నీళ్ళు చల్లి, ఇంట్లోకి వచ్చి అన్నం వండాను. మా ఆయనకు చెప్పలేదు. ఆయన కోపం మనిషి. అయినా ఆయన కోపానికి భయపడ్డాననడం కూడా అబద్ధమే. ఇంత తెలివితక్కువదా అని నలుగురూ అనుకుంటారని భయపడ్డాను.

ఆదివారం పొద్దున సత్రం పెద్దాయన, మా ఆయన, మేస్త్రి ముగ్గురూ వచ్చారు. నేను తలుపు చాటున నిలబడ్డాను. మేస్త్రి పట్టాలు ఒక్కొక్కటే చుట్టుకుంటూ వెళ్ళి, సగంలో ఆగిపోయాడు.

పెద్దాయన కర్రతో ఒకసారి గీకి చూసి, "ఇదేనా నీ ఎర్ర గచ్చు? గజ్జి లేచినట్లుందే," అన్నాడు.

మా ఆయన నోటికి అడ్డూ ఆపూ లేదు. రాయి చీల్చుకునేవాడికి సిమెంటు పని ఎందుకన్నాడు. తన పరువు తీశావన్నాడు. మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని ఆ గీతల మీద అరచెయ్యి పెట్టి, అవి తిరిగినట్టే ఒకసారి తిప్పాడు. అతను తలెత్తి, "పొడి కలపడంలో నాదే తప్పు సామీ," అన్నాడు.

బతికిపోయాననుకున్నాను. నిజంగానే పొడి సరిగా కలవలేదేమో, నేను అలికినందుకు కాదేమో అని కూడా అనుకున్నాను. మనసు ఎంత వెధవదో, తనకు కావలసిన మాట దొరికితే చాలు పట్టుకుని వేలాడుతుంది.

పెద్దాయన రైలుకు వెళ్ళిపోయాడు. మా ఆయన బస్సు తుడుచుకోవడానికి పోయాడు. మేస్త్రి మాత్రం పోలేదు. పనిముట్లు మూట కట్టుకుని మా అరుగు మీద కూర్చున్నాడు. మధ్యాహ్నమయింది, ఎండ తిరిగింది, అక్కడే ఉన్నాడు. పాపం, దిగులుతో కూర్చున్నాడనుకుని చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చాను. తాగి, చెంబు చేతికిచ్చి, నా ముఖంలోకి చూశాడు. నేను లోపలికి వచ్చేశాను. పొద్దు గూకేవేళకు లేచి వెళ్ళాడు.

సత్రం పని ఎవరో నంద్యాల వాళ్ళు చేశారు. ఊళ్ళో ఇంకెవరూ అతన్ని గచ్చు పనికి పిలవలేదు. మళ్ళీ గనికి పోతున్నాడని విన్నాను. విని ఊరుకున్నాను.

ఐదేళ్ళు పోయాక, మా పెద్దదాన్ని బడిలో వేస్తూ పలక కొనడానికి నేనే బజారుకు వెళ్ళాను. దుకాణం ముందు నీడలో కూర్చుని ఒకాయన పలకల అంచులు రాయికేసి రుద్ది నున్నగా చేస్తున్నాడు. బుగ్గలు లోపలికి పోయి, వేళ్ళ సందుల్లో దుమ్ము. దగ్గితే గానీ గుర్తుపట్టలేకపోయాను.

వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. "అన్నా, ఆ నేల నేనే చెడగొట్టినా," అన్నాను. ఐదేళ్ళుగా మింగుకున్న మాట అంత సులువుగా వచ్చేసింది.

అతను అంచు రుద్దడం ఆపలేదు. "తెల్సు చెల్లెమ్మా. ఆ పొద్దే తెల్సు. అలుకు చెయ్యి గుర్తుపట్టలేనా. మా అమ్మ గూడా అట్లనే అలికేది."

"మరి ఎందుకు చెప్పలేదన్నా?"

"నీ మొగుని ముందర, ఆ పెద్దాయన ముందర నీ పేరు ఎట్ల చెప్పేది? చెల్లెమ్మా అని పిలిచినోన్ని." పక్కకు తిరిగి దగ్గాడు. "నువ్వే చెప్తావులే అనుకున్యా. అందుకే గదా, పొద్దు మునిగేదాకా మీ అరుగు మీద కూసున్యా."

అలా అరుగు మీద కూర్చున్న ఆ రోజంతా అతనితో నేను అన్నది ఒక్కటే మాట. మజ్జిగలో ఉప్పు సరిపోయిందా అన్నా, అని అడిగాను. సరిపోయిందన్నాడు.