బొంత కుట్టిన భుజం

అక్కా, నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? తమ్ముడూ, దగ్గు తగ్గిందా? మీ పద్మనాభం ఊళ్ళోనే ఉన్న మా మనవరాలు, దాని పసిపాప కులాసాగా ఉన్నారా?

నాకు మాత్రం నాలుగు రోజులుగా ఎడమ భుజం ఒకటే సలుపు. ఎడమ పక్క నొప్పంటే గుండే అనుకున్నాను. మునిమనవరాలిని చూడకుండానే పోతానేమోనని ఒకటే బెంగ. ఈ రోజు కోడలు మద్దిలపాలెంలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ ఈసీజీ తీసి, గుండె బాగానే ఉందని చెప్పి, భుజం నొక్కి చూసింది.

"ఈ మధ్య బరువు పనేమైనా చేశారా మామ్మగారూ?"

"నానేటి పని సేత్తానమ్మా? కూకుని తింతన్నాను."

ఆవిడ నా ఎడమ చెయ్యి తిప్పి చూసింది. "మరి వేళ్ళకి ఈ సూది పోట్లేంటి?"

"మునిమనవరాలికి బొంత కుడతన్నాను, పాత సీరలు మడతలేసి. అదీ ఓ పనేటమ్మా?"

మా కోడలు అందుకుంది. "పొద్దున్న కూకుంటే దీపాలెట్టేదాకా లేవదండీ. పైగా ఎడమసేతి వాటం!"

డాక్టరమ్మ నవ్వేసింది. కండరం అలిసిపోయిందట. కాపడం పెట్టుకుని, పూతమందు రాసుకుని, చెయ్యి మెల్లగా ఆడిస్తూ ఉండమంది. సూది కొన్నాళ్ళు ముట్టుకోవద్దంది. పాపని ఎత్తుకోవచ్చా అని అడిగితే, ఒళ్ళో పెట్టుకోమంది. అది చాలు నాకు.

బొంత అంచు ఇప్పుడు కోడలు కుడుతోంది. ఆ వంకర కుట్లు చూస్తుంటే భుజం మళ్ళీ సలుపుతోంది. మీ ఇళ్ళలో బొంతలు ఎవరు కుడుతున్నారో చెప్పండి. పాపని మాత్రం నా ఒళ్ళోకి మీరే అందించాలి, వచ్చే ఆదివారం పొద్దున్నే పద్మనాభం వస్తున్నాం.