ఎద్దుమూపు గుట్టమీద దూలయ్య మాటలు

దూలయ్య నోరు మూతపడదని వాళ్ల గూడెంలో అందరికీ తెలుసు. భద్రాచలం అడవిలో, ఎద్దుమూపు గుట్ట కింద ఉంటుంది ఆ గూడెం. చిన్నప్పుడు పశువులు కాయడానికి ఒంటరిగా గుట్టెక్కి, పలకరించే మనిషి లేక ఆవులతోనే కబుర్లు చెప్పేవాడు. పెద్దయ్యాక వెదురు కొట్టే పనికి పోతే, పక్క కూలీలు అతని మాటల్లో పడి కత్తులు దించేస్తున్నారని మేస్త్రీ అతణ్ణి చివరి వరసకు మార్చాడు. పెళ్లి మాత్రం గంగక్కతో అయింది. ఆమె రోజంతా మాట్లాడేది అతను ఒక్క ఊపిరిలో మాట్లాడేదానికన్నా తక్కువ. ఇద్దరికీ ఎన్నడూ పేచీ రాలేదు.

కొన్నేళ్ల కిందట గూడెం వాళ్లంతా కమిటీగా ఏర్పడి గుట్టమీది చదునులో పర్యాటకులకు క్యాంపు పెట్టారు. క్యాంపంటే అక్కడేమీ లేదు. కరెంటు లేదు, సిగ్నల్ లేదు. వచ్చినవాళ్లు డేరాలు తామే మోసుకురావాలి. ఊటనీళ్లు, మూడు రాళ్ల పొయ్యి, తడక చాటున మరుగుదొడ్డి. దారి చూపేది దూలయ్య, వంట గంగక్కది.

ఓసారి పట్నం నుంచి వచ్చిన జంట దిగిపోతూ, కమిటీ పెద్ద జంపక్కతో మెల్లగా చెప్పారు. "అంతా బాగుందమ్మా. కానీ మేం ప్రశాంతత కోసం వచ్చాం. ఆయన ఒక్క నిమిషం ఆగలేదు."

జంపక్క దూలయ్యను పిలిచింది. "అన్నా, దారి చూపియ్యి, నీళ్లు తెచ్చియ్యి. నోరు మాత్రం జర కట్టుకో."

కట్టుకున్నాడు. ఎవరొచ్చినా దారిలో "రాయి", "వేరు", జాగ్రత్త అనడానికి "పైలం" అని తప్ప పలికేవాడు కాదు. అన్నం కూడా సరిగ్గా తినడం మానేశాడు. గంగక్క చూసి చూసి, ఒకనాడు పక్కన కూర్చుని చాలాసేపు ఆలోచించి, "ఇయ్యాల ఎండ మస్తున్నది గదా" అంది. తనకోసం ఆమె పడిన కష్టానికి దూలయ్యకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

ఆ చలికాలం సత్తుపల్లి నుంచి కళావతి అనే ఆవిడ తండ్రిని తీసుకొచ్చింది. ఆయన పేరు వెంకటరామారావు, రిటైరైన బస్సు డ్రైవర్. భద్రాచలం రూట్లో ఏళ్ల తరబడి ఈ గుట్టను అద్దంలోంచి చూస్తూ, ఎప్పటికైనా ఎక్కాలనుకున్నాడు. ఎక్కే తీరిక దొరికేసరికి చూపు పోయింది. అయినా ఎక్కుతానన్నాడు. ఆయన చేతికర్ర రెండో కొస పట్టుకుని దూలయ్య ముందు నడిచాడు. రాయి. వేరు. పైలం. మధ్యాహ్నం మొదలుపెడితే పొద్దు వాలేలోపు చేరారు.

తెల్లవారి అందరూ గుట్ట అంచుకు వెళ్లి కూర్చున్నారు.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు పెద్దాయన.

"బాగుంది నాన్నా. మంచుంది. కింద చెట్లున్నాయి" అంది కళావతి.

"నిన్న నా కర్ర పట్టుకొచ్చినాయన ఇక్కడే ఉన్నాడుగా? ఏమయ్యా, నువ్వు చెప్పరాదా?"

దూలయ్య గంగక్క వైపు చూశాడు. ఆమె పొయ్యి ఊదుతూ తలెత్తి, "చెప్పు" అంది.

"సారూ, మంచు ఇంక లేవలే. పాలమీద మీగడ లెక్క లోయ నిండ పరుసుకున్నది. తునికిచెట్ల నెత్తులు మాత్రం బయటవడ్డయ్, ఏట్ల ఈదే బర్రెల లెక్క. అగో, ఒకటి మునిగింది!"

పెద్దాయన పకపకా నవ్వాడు. "మరి గోదారి?"

"ఇంక దుప్పటి తియ్యలే సారూ. జర ఆగుండ్రి."

మంచు విడిపోయాక గోదారి కనిపించింది, రోడ్డు కనిపించింది, రోడ్డుమీద బస్సు కనిపించింది. దూలయ్య అన్నీ చెప్పాడు.

"మలుపు దగ్గరికొచ్చిందా? ఇప్పుడు హారన్ కొడతాడు చూడు" అన్నాడు పెద్దాయన.

కాసేపటికి సన్నగా హారన్ వినిపించింది. ఆయన దూలయ్య భుజం తడిమి పట్టుకున్నాడు.

ఒకరోజుకని వచ్చినవాళ్లు ఇంకో రోజు ఉండిపోయారు. దిగి వచ్చాక కళావతి జంపక్కతో, "మా నాన్న ఇంతగా నవ్వి ఎన్నాళ్లయిందో" అంది. జంపక్క దూలయ్య వైపు తిరిగింది. "అన్నా, ఇగ నుంచి వచ్చినోళ్లను అడుగు. వినేటోళ్లుంటే చెప్పు, లేకుంటే ఊకో." చాలామంది చెప్పమనే అంటున్నారు. వద్దన్నవాళ్లు దొరికితే అతను ఊట దగ్గర కూర్చుని గంగక్కకు చెప్పుకుంటాడు.

పోయిన ఎండాకాలం పెద్దాయన కబురు పెడితే మొగుడూపెళ్లాం సత్తుపల్లి వెళ్లారు. ఆయన దూలయ్యను బస్టాండ్ టీకొట్టుకు తీసుకెళ్లి, పాత స్నేహితులైన డ్రైవర్ల మధ్య కూర్చోబెట్టాడు. "మా దూలయ్య. గుట్ట సంగతి చెప్తాడు, వినండి" అన్నాడు.

దూలయ్య మొదలుపెట్టాడు. చాయ్ మీద చాయ్ వచ్చింది. గంగక్క పక్క బల్లమీద కూర్చుని మిర్చిబజ్జీలు తింటూ, తాము తిరిగి వెళ్లాల్సిన ఆఖరి భద్రాచలం బస్సు వచ్చి ఆగడం, ఆగి కదలడం చూసింది. చూసి కూడా అతన్ని పిలవలేదు. ఆ పూట వాళ్లు కళావతి ఇంట్లోనే ఉండిపోయారు.