పడుగు కింద గోలు

బట్టల కొట్లో కొత్త చీర మడత విప్పగానే గంజి వాసన కొట్టింది. ఆ వాసనంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట.

ప్రొద్దుటూరులో మా వీధంతా మగ్గాలే. పొద్దున్నే నేతగాళ్ళు వీధి పొడవునా పడుగు సాగదీసి దారాలకు గంజి పట్టించేవాళ్ళు. మాకు ఆడుకోవడానికి వేరే చోటు లేదు. పడుగు కిందుగా బంతి దూరితే గోలు, పడుగుకు తగిలితే ఫౌలు.

ఒకరోజు నేను తన్నిన బంతి నేరుగా చౌడప్ప మామ పడుగు మీద పడింది. దారాలు పటపటా తెగాయి.

"కండ్లు యాడ పెట్టుకోని తంతాండావురా?" అని అరిచి, మామ కత్తితో నా బంతిని రెండు చెక్కలు చేశాడు. చిన్నాన్న మద్రాసు నుంచి తెచ్చిన బంతి అది! చౌడప్ప మామ పాడైపోతే టెంకాయ కొడతానని గండి ఆంజనేయస్వామికి మొక్కుకున్నాను. మామా, ఆయన పెండ్లామూ సాయంత్రం దాకా తెగిన దారాలు ముడేస్తూనే ఉన్నారు.

నెల తిరిగాక మామ చీర నేసి తెచ్చాడు. వీధిలో అందరికీ నూలు ఇచ్చేది మా నాన్నే. నాన్న చీర మీద వేలు రాస్తూ పోయి ఒకచోట ఆగాడు.

"ఏందప్పా ఇన్ని ముళ్ళు? ఇంగ నీకు నూలు ఇయ్యను, పో."

మామ నోరు తెరవబోయి, గడపలో నిలబడ్డ నన్ను చూశాడు. తుండుగుడ్డ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

నేను అమ్మను వేధించి గండికి పోయి టెంకాయ కొట్టి వచ్చాను.

"చెయ్యి పెట్టి చూడండి సార్, ఒక్క ముడి ఉండదు," అంటున్నాడు కొట్టువాడు.

నేను చెయ్యి పెట్టలేదు.